కానాగడత పేరు వెనుక కథ

శ్రోతలకు నమస్కారం. విశాఖపట్నం చేపల రేవులో వేటకు వెళ్లిన పడవలు ఒడ్డు చేరాక తరచుగా వినిపించే పేర్లలో కానాగడత ఒకటి. నీలిపచ్చ వీపు, దాని మీద నల్లని చారలు, జానెడు పొడవు గల ఈ చేపను శాస్త్రజ్ఞులు ‘రాస్ట్రెల్లిజర్ కనగుర్త’ అంటారు. అందులో మొదటి మాట లాటిన్‌ది, రెండవది మన జాలరుల నోటి మాట.

దాన్ని అంత దూరం చేర్చినవారు పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యులు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. 1781లో భారతదేశానికి వచ్చిన ఆయన, విశాఖపట్నంలో ఉన్న కాలంలో ఇక్కడి చిత్రకారుల చేత చేపల బొమ్మలు గీయించి, వాటికి తాను విన్న స్థానిక నామాలను జతచేశారు. ఆ విధంగా వర్ణించిన రెండు వందల చేపల గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది. ఆయన చెవికి వంజరం ‘వింగెరం’గా వినిపించింది. ఆ తప్పును మనం క్షమించవచ్చు. ఎందుకంటే లాటిన్ పేర్లు వెతుక్కోకుండా, విన్నది విన్నట్లు రాసి పెట్టారు. ఆ పుస్తకాన్ని చూసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1816లో ‘కనగుర్త’ను శాస్త్రనామంగా స్థిరపరిచారు.

ఇక లాటిన్ మాటకు గొర్రు మోసేది అని అర్థం. కానాగడత నోరు తెరిచి చూస్తే, మొప్పల దగ్గర ఈకల వంటి పొడవైన ముళ్లు బారులు తీరి కనిపిస్తాయి. నీటిలోని సూక్ష్మజీవులను ఈ చేప వాటితోనే వడకట్టుకుని తింటుంది.

కువియే ‘పలాసా’ అనే పేరును కూడా రస్సెల్ నుంచే తీసుకున్నారు. అది మన పులస. సముద్రంలో ఉన్నంతకాలం విలస అనీ, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అనీ ఇప్పుడు మనం చెప్పుకుంటున్నాము. రస్సెల్ మాత్రం సముద్రతీరపు విశాఖలోనే ఆ పేరు విన్నారు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చేపకు ‘ఇలిషా’ అనే పేరునే నిలిపారు. మన మాట గ్రంథాల పాత పుటలలో మిగిలిపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన పేరు మాత్రం వేరే ఉంది. టేకు చేపల వంటి చదునైన దేహంతో, ముట్టుకున్న చేతికి విద్యుత్తు తగిలించే ఒక చేపను రస్సెల్ ‘తెమెరీ’ అని రాసుకున్నారు. వలలో నుంచి దాన్ని తీయబోయిన చేయి కాసేపు మొద్దుబారిపోతుంది. జాలరులు దాన్ని తిమిరి అన్నారు.