పాలమూరు గటక, పాదువా పోలెంటా

(విదేశాలకు చదువుకు వెళ్తున్న విద్యార్థుల కోసం మహబూబ్‌నగర్‌లో జరిగిన వీడ్కోలు సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, గురువులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ ఇప్పటికే ఆలస్యమైంది. మక్తల్, నారాయణపేట, కొల్లాపూర్ నుంచి వచ్చిన తల్లిదండ్రులు చీకటి పడకముందే బస్సు ఎక్కాలి. నాకు ఇచ్చిన అంశం 'విదేశీ విద్య: అవకాశాలు, సవాళ్లు'. వీసా గురించి, బ్యాంకు లోన్ గురించి నాకు ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నేను తిండి గురించి మాట్లాడతాను.

ఇందాక బయట ఒకమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "బిడ్డా, మా పాప గుడ్డు కూడా ముట్టదు. ఆ దేశంల ఏం తిని బతుకుతది?" అని. ఆమె ఈ హాల్లోనే ఉంది. అమ్మా, ఈ మాటలు ముందు మీకోసమే.

మాది దేవరకద్ర దగ్గర పల్లె, లింగాయతుల ఇల్లు. మాంసం, చేప, గుడ్డు ఏదీ ఇంట్లోకి రాదు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, పండుగైతే భక్ష్యాలు. ఈ తిండి తిని పెరిగిన నేను ఇటలీలో, పాదువా యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివాను. 1222లో మొదలైన యూనివర్సిటీ అది. గెలీలియో 1592 నుంచి 1610 దాకా అక్కడ పాఠాలు చెప్పాడు. అంత చరిత్ర ఉన్న ఊరికి పోతుంటే నాకు అందరూ చెప్పింది ఒకటే మాట: "అక్కడ మనకేం దొరకదు."

ఈ మాట మీద నాకు కోపం ఉంది. దాచుకోను. ఈ మాట నమ్మి మన పిల్లలు పెట్టెనిండా పచ్చళ్లు, పొడులు నింపుకుంటారు. నెయ్యి, కోవా కూడా పెడతారు. పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సొంత వాడకానికి కూడా తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తేనివ్వరు. అమ్మ రాత్రంతా కూర్చుని కాచిన నెయ్యి ఎయిర్‌పోర్టులో చెత్తడబ్బాలో పడుతుంది. సరే, అది ఒక రోజు బాధ. అసలు బాధ తర్వాత మొదలవుతుంది. నలుగురు కలిసి గది తీసుకుంటారు, పొద్దున అన్నం పప్పు, రాత్రి అన్నం పచ్చడి. క్లాసులో వాళ్లు "రా, కలిసి తిందాం" అంటే తప్పించుకుంటారు. నాతో ఉన్న ఒకమ్మాయి చదువు అయిపోయేదాకా యూనివర్సిటీ క్యాంటీన్ గడప తొక్కలేదు. రీజనల్ స్కాలర్‌షిప్‌లో భాగంగా ఆమెకు అక్కడ భోజనం ఉచితం. అయినా తొక్కలేదు. ఆ దేశంలో ఆమెకు ఒక్క స్నేహితురాలు కూడా కాలేదు. ఎందుకంటే అక్కడ స్నేహాలన్నీ బల్ల దగ్గరే మొదలవుతాయి.

ఏ దేశంలోనైనా ముందు పేదవాళ్లు మామూలు రోజుల్లో ఏం తిన్నారో వెతకండి. మాంసం వాళ్లకు పండుగ నాడే. మిగతా రోజులు పప్పుగింజలు, ఆకుకూరలు, ధాన్యం. జెనోవా వైపు ఫరినాతా అని శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. టస్కనీలో రిబొల్లీతా: ఎండిన రొట్టె, చిక్కుడు గింజలు, నల్లటి ఆకుకూర కలిపి ఉడికించి, మర్నాడు మళ్లీ మరగబెడతారు. నేపుల్స్‌లో పిజ్జా మరినారా మీద చీజే ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే.

ఇప్పుడు పోలెంటా అనే వాళ్ల వంటకం దగ్గరికి వస్తాను. టైమ్ ఎంత ఉందో చీటీలు పంపొద్దు, ఇది చెప్పకుండా దిగను.

నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి చలికాలంలో కొండల కింద ఉన్న వాళ్ల పల్లెకు తీసుకెళ్లింది. వాళ్ల అవ్వ పొయ్యి దగ్గర నిలబడి రాగి గుండిగలో మక్కరవ్వ పోసి పొడుగాటి కర్రతో కలుపుతోంది. దాదాపు ముప్పావు గంట. చెయ్యి ఆపదు. ఆపితే ఉండలు కడుతుంది, అడుగంటుతుంది. గట్టిపడ్డాక గుండిగ ఎత్తి చెక్కపలక మీద బోర్లించింది. పసుపుపచ్చని కుప్ప, పైన ఆవిరి. కత్తి పెట్టలేదు. ఒక దారం తీసుకుని, రెండు చేతులా పట్టుకుని, కింద నుంచి పైకి లాగి ముక్కలు కోసింది. నూనెలో వేయించిన పుట్టగొడుగులు, రదిక్కియో అనే చేదు ఆకుకూర పక్కన పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది. ఇది గటక. మా అవ్వ తెడ్డుతో కలిపే మక్క గటక.

ఆ అవ్వ తిననిచ్చి, తర్వాత చెప్పింది. వాళ్ల తాతల కాలంలో ఇది తప్ప ఇంకేం లేదట. మక్కలు తిని తిని జబ్బు పడ్డారట. అది పెల్లాగ్రా. నియాసిన్ అనే విటమిన్ తక్కువై, ఎండ తగిలినచోట తోలు ఊడిపోయి, విరేచనాలై, చివరికి మతి తప్పే జబ్బు. 18, 19 శతాబ్దాల్లో పాదువా ఉన్న వెనెతో ప్రాంతపు కూలీలు, రైతులు దానితో చచ్చిపోయారు. మక్కల సొంత దేశమైన మెక్సికోలో సున్నపు నీళ్లలో ఉడికించి తింటారు కాబట్టి వాళ్లకు రాలేదు. గింజ సముద్రం దాటి వచ్చింది గానీ వండే పద్ధతి రాలేదు.

అదే జబ్బు మన దగ్గరా ఉండేది! ఈ హాల్లో ఎంతమందికి తెలుసు? మన దక్కన్‌లో జొన్నలే ప్రధానంగా తినే పేదలకు పెల్లాగ్రా వచ్చేది. తార్నాకలో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్న చోట డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దీని మీద పనిచేసి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం కారణం కావచ్చని 1960లో రాశారు. తప్పు జొన్నది కాదు. పక్కన పప్పు, పాలు, ఆకుకూర లేని పేదరికానిది. పాదువా కొండల కింది కూలీ, పాలమూరు నుంచి వలసపోయిన కూలీ ఒకే రకం ముద్ద తిన్నారు, ఒకే రకం జబ్బు పడ్డారు. నేను ఆ మాట చెప్తే ఆ అవ్వ నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

మరి మన పిల్లలేం చేస్తున్నారు? హైదరాబాద్ హాస్టల్‌లో జొన్నరొట్టె తింటామని చెప్పడానికి సిగ్గుపడుతున్నారు. గటక పేరెత్తితే తల దించుకుంటున్నారు. ఇంటి తిండి చెప్పుకోలేనివాళ్లు ఎదుటివాళ్ల తిండి గురించి ఏం అడుగుతారు?

అడగడం నేర్చుకోవాలి. "వెజిటేరియనా?" అని అడిగి ఊరుకోవద్దు. మాంసం ముక్క లేకపోయినా సూప్ ఎముకల రసంతో చేసి ఉండొచ్చు. చిక్కుడు గింజల పాస్తా సూప్‌లో పందితోలు వేసే అలవాటుంది. పియదీనా చూడ్డానికి అచ్చం మన రొట్టె, కానీ పాత పద్ధతిలో పందికొవ్వుతో కలుపుతారు. పన్నాకోట్టా అనే మీగడ తీపిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది. పార్మిజానో చీజ్ కోసం పాలను దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతోనే విరగ్గొట్టాలని వాళ్ల నిబంధన. తినాలా వద్దా అన్నది మీ ఇష్టం, తెలిసి నిర్ణయించుకోండి. గుడ్డు తినని పాప తల్లీ, మీరు వినండి: చేత్తో చేసిన తాజా పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉంటుంది. ప్యాకెట్‌లో వచ్చే ఎండు పాస్తా మామూలుగా గోధుమరవ్వ, నీళ్లే. తిరమిసూ అనే తీపిలో మామూలుగా పచ్చి గుడ్డు ఉంటుంది.

లేబుల్ గురించి ఒక్క మాట. యూరప్‌లో 14 అలర్జీ పదార్థాలను లేబుల్ మీద ప్రత్యేకంగా చూపించాలని చట్టం. గుడ్డు, పాలు, చేప అందులో ఉన్నాయి. పందికొవ్వు, జెలటిన్ ఆ 14లో లేవు. లావు అక్షరాలు మాత్రమే చూసి కొంటే సరిపోదు, మొత్తం చదవాలి.

తల్లిదండ్రులారా, ఫోన్ చేసిన ప్రతిసారీ "అయ్యో, ఏం తింటున్నావో" అనకండి. "ఈరోజు కొత్తగా ఏం తిన్నావు, ఎవరితో తిన్నావు?" అని అడగండి. పచ్చడి పంపండి, వద్దనను. ఒక్క సీసా చాలు. ఆ ఖాళీలో జొన్నపిండి పెట్టండి, పక్కింటివాళ్లకు రొట్టె కొట్టి పెట్టమనండి.

నిర్వాహకులు రెండోసారి చూస్తున్నారు, ముగిస్తాను. ఇటలీ వెళ్లేవాళ్లు ఎడమవైపు మెట్ల దగ్గరికి రండి. 'నేను మాంసం, చేప, గుడ్డు తినను, ఇందులో మాంసం రసం ఉందా, పందికొవ్వు ఉందా' అన్నవి ఇటాలియన్‌లో తెలుగు అక్షరాలతో రాసిస్తాను. ఆ అమ్మ పాప ముందు రావాలి.