బ్యాటరీ లైటుకు లైసెన్సా? స్టూడియో చర్చ, విన్నది విన్నట్టు

(నిన్న రాత్రి చర్చలో ఎవరేమన్నారో అలాగే రాశాను. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు. 'అన్ని పక్షాలకూ సమాన సమయం' అని మొదట్లో స్క్రోలింగ్ వేశారు. ఎవరికెంత దక్కిందో చదివితే తెలుస్తుంది.)

యాంకర్: రెండు రోజులుగా అందరి ఫోన్లలో తిరుగుతున్న వీడియో ఇది. ఒక కుర్రాడు అపార్ట్‌మెంట్ మేడ మీద నిలబడి, ఎదురుగా ఫ్లైఓవర్ మీద పోయే బండ్ల వాళ్ల కళ్లల్లోకి లైటు కొడుతున్నాడు. కింద 'ఇంట్లో చేసిన లక్ష ల్యూమెన్ల టార్చ్' అని రాసి ఉంది. ల్యూమెన్ అంటే లైటు నుంచి వచ్చే మొత్తం వెలుగుకు కొలత. మరి ఇలాంటి లైట్లకు లైసెన్స్ పెట్టాలా వద్దా? స్టూడియోలో నలుగురు ఉన్నారు. టార్చ్‌లు విప్పి లోపలి భాగాలు మార్చే, అంటే మాడ్ చేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ గారు, ఫిజిక్స్ లెక్చరర్ మేడం, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపు నడిపే అన్న, ఆత్మకూరు దగ్గర నల్లమల అంచు నుంచి వచ్చిన రైతు గారు. ముందుగా మేడం...

మాడర్: ఒక్క నిమిషం సార్, ముందు ఆ వీడియోలో ఉన్నది లక్ష ల్యూమెన్లు కాదు. లక్ష ల్యూమెన్ల టార్చ్ ఉంది, ఇమాలెంట్ ఎంఎస్18 అని, అందులో 18 ఎల్‌ఈడీలు ఉంటాయి, చల్లబరచడానికి లోపల ఫ్యాన్లు తిరుగుతాయి, అది అరచేతిలో ఇమిడేది కాదు. వీడియోలోది మామూలు ఒక సెల్లు లైటు, మహా అయితే వెయ్యో రెండు వేలో. అది మాడ్ చేసింది కూడా కాదనిపిస్తోంది నాకు.

యాంకర్: చూసి చెప్పేస్తారా?

మాడర్: వెలుగు రంగు చూడండి సార్, నీలంగా కొడుతోంది. మాడ్ చేసేవాడు ఎవడూ ఆ ఎల్‌ఈడీ ఉంచుకోడు. మొదట పీకి పారేసేది దాన్నే.

లెక్చరర్: మాడ్ చేశారా లేదా అన్నది కాదండీ ఇక్కడ, బండి నడిపేవాళ్ల కళ్లల్లో...

మాడర్: అదే మేడం, అదే చెప్తున్నా. తప్పు చేసింది వాడు, లైటు కాదు.

యాంకర్: అంటే లైసెన్స్ అక్కర్లేదంటారు.

మాడర్: టార్చికి లైసెన్స్ ఏంటి సార్? మా తాత ఇంట్లో మూడు సెల్లుల స్టీలు టార్చి ఉండేది, దానికి లైసెన్స్ ఉందా?

రైతు: మాకూ ఉండేది. సెల్లు అయిపోవస్తే ఎండలో పెట్టేవాళ్లం.

(అందరూ నవ్వారు. ఆయన ఇంకేదో చెప్పబోయారు, వినేవాళ్లు లేరు.)

యాంకర్: అసలు మాడింగ్ అంటే ఏంటి, చూసేవాళ్లకు అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పండి.

(రెండు ముక్కలన్నారు. నాలుగు నిమిషాలు పట్టింది. కొంత వదిలేశాను.)

మాడర్: నేను మొదట కొన్నది కాన్వాయ్ ఎస్2 ప్లస్ అనే టార్చి. చేతి వేలి కంటే పొడుగు ఉంటుంది, 18650 సెల్లు ఒకటి పడుతుంది. 18650 అంటే ఏం లేదు, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. దాని డ్రైవర్ బోర్డు, అంటే ఎల్‌ఈడీకి కరెంటు అందించే బోర్డు, దాని మీద 7135 అనే చిన్న చిప్పులు ఉంటాయి, ఒక్కోటీ 350 మిల్లీ ఆంపియర్లు వదులుతుంది, ఎనిమిది ఉంటే 2.8 ఆంపియర్లు. మనకది చాలదు. అందుకని ఆ బోర్డు తీసేసి మాస్‌ఫెట్ డ్రైవర్ పెడతాం, అది సెల్లులో ఎంత ఉంటే అంతా ఎల్‌ఈడీకి తోసేస్తుంది. తర్వాత తోక మూతలో స్ప్రింగ్ ఉంటుంది కదా, దాంట్లో కరెంటు కొంత వేడిగా పోతుంది, అందుకని స్ప్రింగ్ పక్కన రాగి వైరు ఒకటి సాల్డర్ చేస్తాం. స్ప్రింగ్ బైపాస్ అంటాం. ఎల్‌ఈడీ కింద మామూలు అల్యూమినియం పలక బదులు రాగి పలక. ఇక ఎల్‌ఈడీ మార్చడం అంటే, నేను మొదటిసారి ఇస్త్రీ పెట్టె తిరగేసి దాని మీద చేశాను, మా అమ్మ చొక్కా ఇస్త్రీ చేస్తే సాల్డర్ మరక అంటుకుంది...

యాంకర్: ఇంట్లో ఇస్త్రీ పెట్టె మీద! ఏ పరీక్షా లేకుండా! అందుకే కదా లైసెన్స్ అడుగుతున్నది.

షాపు యజమాని: సార్ నేనొక మాట చెప్తా, సెల్లుల గురించి. మా షాపుకు పిల్లలు వస్తరు, పాత లాప్‌టాప్ ప్యాక్ ఇప్పి...

మాడర్: అన్నా, ఒక్క క్షణం. సార్, మీరు అనుకుంటున్నట్టు అందరం వెలుగు పెంచడానికే చేయం. చాలామంది తగ్గిస్తాం కూడా. నిచియా 519ఏ అని ఒక ఎల్‌ఈడీ ఉంది, దాని సీఆర్ఐ, రంగులకు వేసే మార్కు అనుకోండి, వందకు 90 పైనే. అంటే రంగులు పగటిపూట ఎలా కనిపిస్తాయో దాదాపు అలాగే కనిపిస్తాయి. చవక టార్చిలో వెలుగు ఎక్కువే, కానీ ఆకూ మట్టీ అన్నీ బూడిద రంగే. పెద్దాయనా, మీరు చెప్పండి, పొలంలో కట్టె ఏదో పాము ఏదో తెలియాలంటే ఏ లైటు కావాలి?

రైతు: నిజమే నాయనా. ఎండుటాకుల్లో రక్తపింజరి పడుకుంటే తెల్ల లైటుకు అసలు తెలియదు. పాత పసుపు బల్బే మేలు. కానీ మాకు పాము కంటే ముందు అడవి పందుల బాధ ఉంది, మొక్కజొన్న చేను...

మాడర్: విన్నారా సార్? రైతు గారే చెప్తున్నారు.

(ఆయన చెప్పింది అంతకంటే ఎక్కువ. పందుల సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు.)

లెక్చరర్: నేను మాట్లాడొచ్చా? తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల ఉన్నది నీలం చిప్పే. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలం ఎల్‌ఈడీకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చింది. గొప్ప విషయమే, కానీ ఆ నీలం అంత చిన్న చోటు నుంచి అంత గాఢంగా వస్తే, దగ్గర నుంచి నేరుగా చూసినవాళ్ల రెటీనా...

యాంకర్: కళ్లు పోతాయా? పోయే ప్రమాదం ఉందా లేదా?

లెక్చరర్: పోతాయని నేను అనలేదు. ఎంత దూరం, ఎంతసేపు అన్నది...

యాంకర్: ప్రమాదం ఉందంటున్నారు మేడం. శంషాబాద్‌లో విమానాలు దిగుతుంటాయి, ఎవడో మేడ మీద నుంచి కొడితే? లైసెన్స్ లేకుండా ఎలా వదిలేస్తాం?

మాడర్: సార్, మీరు లేజర్‌నూ టార్చినీ కలిపేస్తున్నారు. లేజర్ వెలుగు చాలా దూరం వరకూ సన్నగానే పోతుంది. టార్చి వెలుగు విచ్చుకుంటుంది, దూరం రెట్టింపైతే నాలుగో వంతే మిగులుతుంది. నా లైటు పది వేల క్యాండెలా అనుకోండి, అంటే ఒక దిక్కుకు కొట్టే వెలుగు తీవ్రత. కిలోమీటరు దూరంలో ఎంత? వెయ్యిని వెయ్యితో గుణించి, వచ్చిన దాంతో పది వేలను భాగించండి, 0.01 లక్స్. లక్స్ అంటే అక్కడ పడే వెలుగు. నిండు పున్నమి వెన్నెలే పావు లక్స్! టార్చ్ డబ్బా మీద 'దూరం 200 మీటర్లు' అని రాస్తారే, ఆ లెక్క కూడా అదే, వెలుగు పావు లక్స్‌కు పడిపోయే చోటు. 200 మీటర్లంటే అక్కడేదో పగల్లా కనిపిస్తుందని జనం అనుకుంటారు. కనిపించేది వెన్నెలే.

లెక్చరర్: మీ లెక్కే తీసుకుందాం. ఫ్లైఓవర్ 30 మీటర్ల దూరంలో ఉంది. పది వేలను 900తో భాగించండి. 11 లక్స్. మీ పున్నమి కంటే నలభై రెట్లు ఎక్కువ, అదీ చీకటికి అలవాటు పడిన కళ్లల్లోకి. కాదంటారా?

(ఇక్కడ మాడర్ ఒక్క రెండు సెకన్లు ఆగాడు. చర్చ మొత్తంలో అతను ఆగింది ఇప్పుడే.)

మాడర్: కాదనను మేడం. కానీ ఎదురొచ్చే కారు హై బీమ్ అంతకంటే ఎక్కువ కొడుతుంది కదా? రోజూ తింటున్నాం కదా? మన రోడ్ల మీద బైకులకు పెట్టే ఆ తెల్ల ఎల్‌ఈడీ బల్బుల సంగతి ఎవరు మాట్లాడతారు?

షాపు యజమాని: అది మాత్రం నిజం. అమ్మేది మేమే అనుకోండి.

(ఇక ఆరు నిమిషాలు హెడ్‌లైట్ల గురించే. హై బీమ్, డిప్పర్, లారీల వెనక లైట్లు లేకపోవడం. అన్నీ నిజమే, అడిగిన దానికి సంబంధం లేదు.)

యాంకర్: మళ్లీ విషయానికొద్దాం. లైసెన్స్...

షాపు యజమాని: సార్, ఇందాకటి నుంచి ఒక్క మాట చెప్తమనుకుంటున్న. లైటు కాదు, సెల్లు చూడండి. పాత లాప్‌టాప్‌ల నుంచి పీకిన సెల్లులు వస్తయి, పైన ప్లాస్టిక్ తొడుగు చిరిగి ఉంటది. సెల్లు లోహపు డబ్బా మొత్తం మైనస్. పైన ప్లస్ పక్కన తొడుగు చినిగితే లోహం తగిలి షార్ట్ అయితది. ఇంక కొన్నింటి మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంటది, సెల్లులో ఎంత చార్జ్ పడుతదో చెప్పే అంకె అది. అంత సెల్లు ఆ సైజులో ఎక్కడిది? మంచి కంపెనీది కూడా మూడు వేల అయిదు వందలు దాటితే గొప్ప. ఇక రెండు సెల్లులు వరసగా వేసే లైటులో ఒకటి కొత్తది ఒకటి పాతది వేస్తే, పాతది ముందు అయిపోయి ఉల్టా చార్జ్ అయితది. గ్యాస్ వస్తది. టార్చి గొట్టం గట్టిగ బిగించి ఉంటది, పోవడానికి దారి ఉండదు. అది లైటు కాదు సార్, బాంబు.

యాంకర్: బాంబు! అంటే లైసెన్స్...

షాపు యజమాని: నేను లైసెన్స్ అనలే.

మాడర్: అన్న చెప్పింది కరెక్టే, మేం ఒక్క సెల్లు లైట్లే వాడతాం. 4.2 వోల్టులు దాటనివ్వం, మరీ కిందికి పోనివ్వం. ఆండ్యురిల్ అని ఫర్మ్‌వేర్, అంటే టార్చి లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఉంది, ఓపెన్ సోర్స్, ఎవరైనా కోడ్ చదవొచ్చు. ఉన్నది ఒక్కటే బటన్. మూడు సార్లు నొక్కితే వోల్టేజ్ ఎంతుందో మినుకుతూ చెప్తుంది, నాలుగు సార్లు నొక్కితే లాక్, జేబులో దానంతట అది వెలగదు. వేడెక్కితే అదే తగ్గించుకుంటుంది. చూపిస్తా ఉండండి.

యాంకర్: స్టూడియోలో వద్దు...

(చూపించాడు. తెర మొత్తం తెల్లగా అయిపోయింది. కెమెరా తేరుకునే సరికి యాంకర్ కళ్లు నులుముకుంటున్నారు. మాడర్ లైటును బల్ల మీద నిలబెట్టి, సీలింగ్ మీద వెలుగు చూపిస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు.)

మాడర్: చూడండి, కాసేపట్లో దానంతట అదే తగ్గుతుంది. డబ్బా మీద రాసే ల్యూమెన్లు స్విచ్ వేసిన 30 సెకన్ల తర్వాత కొలవాలని ప్రమాణమే ఉంది, చాలామంది మొదటి సెకను లెక్క వేసి అమ్మేస్తారు. లైసెన్స్ పెట్టాలంటే వాళ్లకు పెట్టండి.

లెక్చరర్: పోయే కరెంటులో సగానికి పైగా వేడే కదా, ఆ వేడి ఎక్కడికి...

యాంకర్: మేడం, టైం లేదు. ప్రేక్షకుల పోల్ ఫలితం వచ్చింది, లైసెన్స్ అక్కర్లేదన్నవాళ్లే ఎక్కువ. అయినా నా ప్రశ్న అలాగే ఉంది, దీని మీద రేపు మళ్లీ...

రైతు: బాబూ, ఆ పసుపు వెలుగుది ఎంతకొస్తుంది?

మాడర్: చెప్తా పెద్దాయనా, బయటికెళ్లాక. మేడం, మేడం, మీ కాగితాలు అటు జరపండి. దాన్ని పట్టుకోకండి, తల ఇంకా కాలుతోంది.

(ఇక్కడ మైకు కట్ అయింది.)