చవక బ్రిటిష్ కార్లు: బానెట్ ఎత్తే ముందు నేల చూడండి

అందరికీ నమస్కారం.

బ్రిటన్‌లో 1950ల నుంచి 1980ల దాకా గుమాస్తాలు, బడిపంతుళ్లు, ఊరూరా తిరిగే నర్సులు కొనుక్కున్న కార్ల గురించి ఈ సాయంత్రం మాట్లాడుకుందాం. జాగ్వార్లు, ఆస్టన్ మార్టిన్‌ల జోలికి వెళ్లను. వాటిని పొగిడేవాళ్లకు కరువు లేదు. మోరిస్ మైనర్, ఆస్టిన్ 1100, ట్రయంఫ్ హెరాల్డ్, ఫోర్డ్ కార్టినా, మోరిస్ మెరీనా, ఆస్టిన్ అలెగ్రో: ఇవీ మన సరుకు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కార్లను తుక్కు కొట్టుకు పంపింది ఇంజిన్లు కావు, తుప్పు. కొనడానికి వెళ్లినవాళ్లు బానెట్ ఎత్తించి, స్టార్ట్ చేయించి, చప్పుడు విని, తల ఊపి డబ్బిచ్చేస్తారు. ఇంజిన్ పోతే దింపి ఇంకోటి ఎక్కించుకోవచ్చు. కారు నేల, సిల్లులు (తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె దూలాలు) పోతే మాత్రం వెల్డింగు ఖర్చు కారు ధర దాటిపోతుంది.

ఈ కుటుంబం మనకు కొత్తది కాదు. ఉత్తరపారాలో 2014 దాకా తయారైన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి భారతీయ రూపం. చాలా ఏళ్లు దాన్ని లాగిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి-సిరీస్. ముందు టార్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు; వెనక కమాన్ కట్టలు. అంబాసిడర్ కింద పడుకుని పనిచేసిన మెకానిక్ మోరిస్ మైనర్ కిందికి దూరితే దాదాపు అన్నీ పోల్చుకుంటాడు. మద్రాసు పక్కన వండలూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ట్రయంఫ్ హెరాల్డే. తేడా ఎక్కడొస్తుందంటే ఉప్పు దగ్గర. బ్రిటన్‌లో చలికాలం మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతారు. అది తడితో కలిసి కారు అడుగున ప్రతి సందులోకీ దూరుతుంది. సముద్రపు గాలి ఇనుమును ఏం చేస్తుందో విశాఖ, కాకినాడ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఆ ఉప్పును చక్రాలే చిమ్మి మరీ పూస్తాయి.

మైనర్‌తో మొదలుపెడదాం. 1948లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన కారు. నమూనా సిద్ధమయ్యాక వెడల్పు చాలలేదనిపించి, దాన్ని నిలువునా రెండుగా కోయించి నాలుగు అంగుళాలు పెంచారు. బానెట్ మధ్యన కనిపించే బల్లపరుపు పట్టీ ఆ కోత గుర్తే. దీనికి విడిగా ఛాసిస్ లేదు. నేల, సిల్లులు, అడ్డంగా వెళ్లే క్రాస్‌మెంబర్ కలిసే బరువు మోస్తాయి. అందుకని చూడవలసింది పైన మెరిసే పెయింటు కాదు.

కార్పెట్లు ఎత్తండి. టార్చితో ముందు సీట్ల కింద, క్రాస్‌మెంబర్ చివర్లు, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాన్ కట్టలు బాడీకి బిగించే హ్యాంగర్లు చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, పోయింది దబ్బుమంటుంది. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల అడుగు ఆరు అంగుళాల మీద, మడ్‌గార్డుల అంచుల మీద ఆడించండి. పట్టుకోని చోట లోపల ఉన్నది పుట్టీ. ఇక అసలు పరీక్ష. ఒకరిని జాకీ పెట్టి ఆ వైపు నెమ్మదిగా ఎత్తమనండి, మీరు తలుపు సందు మీద కన్నేసి ఉండండి. సందు మారినా, తలుపు పట్టేసినా సిల్లులో బలం లేదు. అడుగున కొత్తగా, దట్టంగా, నల్లగా అండర్‌సీల్ (తుప్పు పట్టకుండా వేసే పూత) పూసి ఉంటే అనుమానించాలి. అమ్మే ముందు వారం ఎవరూ సరదాకి అండర్‌సీల్ పూయరు.

వెల్డింగ్ చేయించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పాత ప్యాచ్ మీదే కొత్త ప్యాచ్ వేస్తారు, లోపలి తుప్పు అలాగే పెరుగుతుంది. శుభ్రమైన ఇనుము తగిలేదాకా కోయాలి. సిల్లు కోసే ముందు బాడీకి కింద ఆనింపు ఇచ్చి, తలుపులు బిగించి, సందులు కొలిచి రాసుకోవాలి. అది మరిచిపోతే మధ్యలో బాడీ కుంగుతుంది. కొత్త సిల్లు వేశాక తలుపు మూసుకోదు, ఆ వంకర మళ్లీ కోస్తేగానీ పోదు. ఎంఓటీ అనే బ్రిటన్ వార్షిక వాహన తనిఖీలో సస్పెన్షన్, స్టీరింగు, బ్రేకులు, సీటుబెల్టు బిగింపులకు 30 సెంటీమీటర్ల లోపు ఇనుము బలహీనపడితే ఫెయిల్. అక్కడ వేసే ప్యాచ్ చుట్టూ తెగకుండా వెల్డు పడాలి. రివెట్లు, పుట్టీ, ఫైబర్‌గ్లాస్ చెల్లవు.

ఆ తనిఖీలో పదేళ్ల కారుకు పట్టే గతి మీరే ఊహించుకోవచ్చు. ఆస్టిన్ 1100 అయితే మరీ దారుణం. 1962లో మోరిస్ పేరుతో, 1963లో ఆస్టిన్ పేరుతో వచ్చిన ఈ కారు 1960ల్లో చాలా ఏళ్లు బ్రిటన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది. నడపడానికి హాయి, లోపల చోటు బోలెడు. వెనక సబ్‌ఫ్రేమ్, అంటే వెనక చక్రాలను మోసే చట్రం, మాత్రం తుప్పుకు పుట్టిల్లు. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ ఒకటే ఆయిల్ కాబట్టి 3,000 మైళ్లకోసారి మార్చకపోతే గేర్లు నలగ్గొట్టిన ఆయిలే బేరింగులకు అందుతుంది.

తుప్పు తర్వాత నేను భయపడేది ముందు చక్రాల ట్రనియన్లకు. మైనర్‌లో కింగ్‌పిన్‌కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని తిరిగే నిలువు ఇరుసుకు, పైనా కిందా మరలుంటాయి, అవి ట్రనియన్లనే కీళ్ల లోపల తిరుగుతాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ మరల మీద రాపిడే. గ్రీజు లేకపోతే మరలు అరిగి, ఒకరోజు కింగ్‌పిన్ ఊడి వస్తుంది, చక్రం పక్కకు పడిపోతుంది. సాధారణంగా ఇది పార్కింగ్‌లో, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు జరుగుతుంది. అదొక్కటే అదృష్టం. నివారణ చవక. 1,000 మైళ్లకోసారి గ్రీజు గన్ పట్టాలి, అయితే బండి నేల మీద ఉండగా కాదు. బరువు పడినప్పుడు మర ఒక పక్కకు నొక్కుకుని గ్రీజు రెండో పక్కకు చేరదు. జాకీ మీద ఎత్తి, చక్రం వేలాడుతుండగా, పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. అరుగుదల చూడాలంటే టైరు కింద గడ్డపార పెట్టి పైకి లేపండి. నిలువుగా ఆట కనిపిస్తే మరలు పోయాయన్నమాట.

హెరాల్డ్‌లోనూ ట్రనియన్లున్నాయి, వాటికి మాత్రం గ్రీజు కొట్టకూడదు. ఇత్తడి జాతి ట్రనియన్‌లో ఉక్కు లింకు తిరిగే ఆ కీలుకు ఈపీ 90 గేరాయిలే పోయాలి. గ్రీజు పైనే గడ్డకట్టి కిందికి దిగదు. అడుగున నీరు చేరి ఉక్కుకు తుప్పు పడుతుంది. చివరికి లింకు పుటుక్కున తెగుతుంది. అలవాటు కొద్దీ కనిపించిన నిప్పుల్‌కల్లా గ్రీజు కొట్టే చేతులు ఎన్ని హెరాల్డ్‌లను కూల్చాయో! మిగతా విషయాల్లో ఆ కారు మెకానిక్‌కు వరం. బానెట్, మడ్‌గార్డులు కలిపి ముందుకు తిరగబడతాయి, టైరు మీద కూర్చుని ట్యూనింగ్ చేసుకోవచ్చు. ఛాసిస్ విడిగా ఉంటుంది. దాని పక్క కొమ్మలు, అంటే అవుట్‌రిగ్గర్లు, తుప్పు పట్టాయేమో చూస్తే చాలు.

ఇప్పుడు ఇంజిన్. బీఎంసీ ఎ-సిరీస్ 1951లో ఆస్టిన్ ఎ30తో వచ్చి 2000లో మినీతో వెళ్లింది. మైనర్‌లో 1952 నుంచి 803 సీసీ, 1956 నుంచి 948, 1962 నుంచి 1098. ఇంట్లో చేసుకోదగ్గ ఇంజిన్ అంటే ఇదే. వాల్వులు ఎనిమిది. ట్యాపెట్లు, అంటే వాల్వుల సందులు, సెట్ చేయడానికి తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోదాన్ని, ఇలా రెండూ కలిపి తొమ్మిది వచ్చేలా. మైనర్‌లో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సందు 12 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఫీలర్ గేజ్ కాస్త పట్టుగా జారాలి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 15 థౌ, ప్లగ్గులకు 25. ఆయిల్ 20డబ్ల్యూ-50. ట్యాపెట్లు టకటకమంటే కంగారు పడకండి. శబ్దం రాకూడదని సందు బిగించేస్తే ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా కూర్చోక కాలిపోతుంది. నిలిపిన చోట నూనె చుక్క పడినా బెంగ వద్దు. మైనర్ ఇంజిన్‌లో క్రాంక్ వెనక చివర ఆయిల్ సీలు లేదు, నూనెను వెనక్కి తోసే మర గాడి మాత్రమే ఉంది. చుక్కలు ధారలైతే పిస్టన్ రింగులు అరిగి లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం.

ఎస్‌యూ కార్బొరేటర్ చూసి చాలామంది జడుస్తారు గానీ అందులో కదిలేది ఒక పిస్టన్, ఒక సూది. పై మూత విప్పి డ్యాంపర్‌లో పల్చటి ఆయిల్ ఉందో లేదో చూడండి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి గుటకలు వేస్తుంది. మిశ్రమం సరిచూడటానికి ఇంజిన్ వేడెక్కాక పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ను రవ్వంత, అంగుళంలో ముప్పైరెండో వంతు ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయింది. కిందనున్న నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పుకుంటూ రావాలి, అంతే. మైనర్‌లో తాళం తిప్పగానే పెట్రోలు పంపు టిక్ టిక్‌మని, కార్బొరేటర్ నిండాక ఆగుతుంది. ఆగకపోతే ట్యాంకు ఖాళీ, లేదా గొట్టంలో గాలి, లేదా ఫ్లోట్ సూది కారుతోంది. అసలు కొట్టుకోకపోతే పంపు లోపలి పాయింట్లు మురికిపట్టాయి. పానా పిడితో ఒకటి తగిలిస్తే ఇల్లు చేరుస్తుంది, తర్వాత శుభ్రం చేసుకోవచ్చు.

కరెంటు విషయంలో ఒక హెచ్చరిక. 1960ల దాకా వచ్చిన ఈ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ బాడీకి కలిపి ఉంటుంది, ఇప్పటి కార్లకు తలకిందులు. ఇది గమనించకుండా కొత్త రేడియో బిగిస్తే తాళం తిప్పిన క్షణంలోనే కాలిపోతుంది. ఈ కార్లకు కరెంటు సామాను అందించిన లూకస్ కంపెనీ పరికరాల మీద ఉన్న జోకులన్నీ మీరు వినే ఉంటారు. నిజానికి ఎక్కువ దోషం ఎర్తు తీగలది, తుప్పు పట్టిన బుల్లెట్ కనెక్టర్లది. ఒక దీపం వెలిగిస్తే ఇంకోటి మసకబారుతోందంటే బల్బులు మార్చకండి. ఎర్తు బిగించే చోట పెయింటు గీకి, మెరిసే ఇనుముకు తీగ బిగించండి.

ఇక మెరీనా. 1971లో బ్రిటిష్ లేలాండ్ కార్టినాకు పోటీగా హడావుడిగా దింపిన కారు. ముందు సస్పెన్షన్ మైనర్‌దే: టార్షన్ బార్లు, లీవర్ డ్యాంపర్లు. 1948 నాటి ఆలోచన మీద 1.8 లీటర్ల బరువైన బి-సిరీస్ ఇంజిన్ కూర్చోబెట్టారు. మలుపులో ముక్కు బయటికే పోతుంది. పత్రికలు చీల్చి చెండాడాయి. ఆ తిట్లలో సగం న్యాయమే, మిగతా సగం అతి. 1275 సీసీ ఎ-సిరీస్ పెట్టిన మెరీనా బతికున్నంత కాలం నమ్మకంగా తిరిగేది, చవకగా బాగయ్యేది. డ్యాంపర్లలో నూనె తగ్గిందేమో చూసుకోవాలి. మడ్‌గార్డును నొక్కి వదిలితే ఒకటిన్నర ఊపులకు మించి ఊగకూడదు. విడ్డూరమేమిటంటే, తుక్కుకు వెళ్లిన మెరీనాల ముందు డిస్క్ బ్రేకులు ఊడదీసి మైనర్‌లకు బిగించుకున్నారు. దాని తలుపు పిడులు లోటస్ ఎస్ప్రీ లాంటి ఖరీదైన కారు మీద కూడా కనిపిస్తాయి.

కార్టినా మీద నాకు ప్రేమ తక్కువ, గౌరవం ఎక్కువ. 1970లో వచ్చిన మూడో తరంలో పింటో ఇంజిన్ క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది, దానికి నూనె చిలకరించే సన్నని గొట్టం ఉంటుంది. ఆయిల్ మార్చకుండా తిప్పితే దాని రంధ్రాలు మడ్డితో పూడిపోయి క్యామ్ గుబ్బలు అరిగిపోతాయి. పై నుంచి తేలికపాటి టకటక వస్తుంది. కొత్త క్యామ్ ఒక్కటే వేస్తే డబ్బు దండగ. క్యామ్, దాని గుబ్బల కింద ఆడే ఎనిమిది ఫాలోయర్లు, ఆ గొట్టం మూడూ కలిపి మార్చాలి. మొదటి రెండు తరాల బాడీలో ముందు స్ట్రట్‌లు (స్ప్రింగు, డ్యాంపరు కలిసిన నిలువు కాళ్లు) బిగించే మడ్‌గార్డు లోపలి పైభాగం మొదట కుళ్లుతుంది, బానెట్ ఎత్తగానే కనిపిస్తుంది.

అలెగ్రో గురించి రెండు ముక్కలు. డిజైనర్ హారిస్ మాన్ గీసిన బొమ్మ పల్చగా, వాలుగా ఉండేది. ఎత్తైన ఇ-సిరీస్ ఇంజిన్, లావుపాటి హీటరు పట్టించేసరికి ఉబ్బిపోయింది. చదరపు స్టీరింగు చక్రం ఓ రెండేళ్లు నవ్వించి వెళ్లిపోయింది. కొనేవాళ్లు చూడవలసింది హైడ్రాగ్యాస్ సస్పెన్షన్. స్ప్రింగుల బదులు నైట్రోజన్, ద్రవం. ఒక పక్క కుంగి ఉంటే మామూలు షెడ్డులో పని జరగదు, దానికి ప్రత్యేక పంపు కావాలి. అది దగ్గర్లో ఎక్కడుందో తెలుసుకున్నాకే బేరం ఆడండి.

పెట్రోలు సంగతి. ఈ ఇంజిన్లు సీసం కలిపిన పెట్రోలుకు పుట్టాయి. బ్రిటన్‌లో 2000 ఆరంభంలో దాని మామూలు అమ్మకం ఆగింది. సీసం లేకపోతే ఎక్కువ వేగంలో ఎగ్జాస్టు వాల్వు సీట్లు అరిగి లోపలికి దిగుతాయి, ట్యాపెట్ల సందు తరచూ మూసుకుపోతుంటుంది. హెడ్ విప్పినప్పుడు గట్టి ఉక్కు సీట్లు వేయించడం శాశ్వత పరిష్కారం. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చిట్లుతున్నాయి. వేడి ఎగ్జాస్టు పైన చిట్లితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకం గొట్టం కొని ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా రబ్బరు ఉన్న ప్రతిచోటా మార్చేయండి. మన దగ్గర 20 శాతం కలుపుతున్నారు కాబట్టి అంబాసిడర్, హెరాల్డ్ దాచుకున్నవాళ్లకూ ఇదే మాట.

40 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకు బ్రిటన్‌లో 2018 నుంచి ఎంఓటీ తప్పనిసరి కాదు, రోడ్డు పన్నూ పడదు. అయినా ఏటా చేయించండి. రుసుము కొద్దిపాటిదే, లిఫ్టు మీద కారును కింద నుంచి ఇంకొకరి కళ్లతో చూపించుకునే అవకాశం అది. చలికాలానికి ముందు అడుగంతా నీళ్లతో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, సిల్లుల లోపలికి, పెట్టె భాగాల్లోకి వ్యాక్సాయిల్ అనే మైనపు ద్రవం కొట్టండి. ముందు సిల్లుల అడుగున, తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలను తీగతో పొడిచి తెరవాలి. అవి మూసుకుపోయి ఉండగా మైనం కొడితే లోపలి నీటికి మనమే మూత వేసినట్టవుతుంది.