10,000 అడుగుల కింద జోకులొద్దు

(స్క్రీన్ మీద: శంషాబాద్ వైపు దిగుతున్న విమానం)

విమానం 10,000 అడుగుల కిందికి దిగాక కాక్‌పిట్‌లో పైలట్లు పనికి సంబంధం లేని ముచ్చట్లు పెట్టుకోకూడదు. క్రికెట్ లేదు, రాజకీయాలు లేవు, ఇంటి సంగతులు లేవు. అమెరికాలో 1981లో దీన్ని రూలే చేసేశారు, పేరు స్టెరైల్ కాక్‌పిట్ రూల్. ఎందుకంటే 1974లో షార్లట్ నగరం దగ్గర పొగమంచులో దిగుతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వేకి ముందే కూలిపోయి 70 మందికి పైగా చనిపోయారు, రికార్డింగ్ వింటే ఆ దిగే నిమిషాల్లో పైలట్లు రాజకీయాల నుంచి సెకండ్ హ్యాండ్ కార్ల దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఎత్తు మీద ధ్యాసే లేదు.

ఇది వినగానే కొందరు మేనేజర్లకి మహా సంతోషం. "చూశారా, అందుకే పని దగ్గర ఇకఇకలు వద్దనేది!" ఆగండి సార్, ఇంకో విమానం ఉంది.

1977, టెనెరిఫె దీవి. అక్కడా పొగమంచే. కేఎల్ఎమ్ విమానం టేకాఫ్‌కి పరుగు మొదలుపెట్టింది, అదే రన్‌వే మీద పాన్ యామ్ విమానం ఇంకా ఉంది. ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది, అది ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు కూడా. కెప్టెన్ చాలా సీనియర్. తప్పుకుందని గట్టిగా అనేశాడు. ఇంజినీర్ ఇంకేం అనలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది పోయారు. రేడియో మాటలు సరిగా వినపడకపోవడం లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, పెద్దాయన్ని రెండోసారి అడగడానికి నోరు రాకపోవడం మీద తర్వాత చాలా చర్చ జరిగింది, కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం నేర్పే ట్రైనింగులు అలా ఊపందుకున్నాయి.

(కట్: మాదాపూర్, రాత్రి, లైట్లు వెలుగుతున్న ఆఫీసు)

ఇప్పుడు మాదాపూర్‌కి వద్దాం. సాఫ్ట్‌వేర్ రిలీజ్ రాత్రి. ప్రతి టీమ్‌లో ఒక భయ్యా ఉంటాడు, దేనికైనా మీమ్ రెడీ. కానీ సర్వర్ పడిపోయినప్పుడు గ్రూపులో మీమ్స్ మధ్య అసలు మెసేజ్ వెతుక్కోవాల్సి వస్తే ఒళ్లు మండుతుంది. అదే జోకు చాయ్ దగ్గర వేస్తే పడీ పడీ నవ్వేవాళ్లం.

ఇంకో రకం, ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉండే లీడ్. ఆయన ముందు ఎవరూ నవ్వరు, సరే, అయితే "అన్నా, ఈ కోడ్ నాకు అర్థం కాలేదు" అని కూడా ఎవరూ అనరు. ఆ సంగతి ఆయనకి అర్ధరాత్రి రెండింటికి తెలుస్తుంది. నా లెక్కలో ఆఫీసులో సరదా చేసే అసలు పని ఇక్కడుంది: కొత్తగా చేరిన పిల్లాడు చాయ్ తాగుతూ మీ మీద జోకు వేయగలిగితే, రేపు మీ తప్పు కూడా మీకు చెప్పగలడు. బర్త్‌డే కేకులతో ఇది రాదు. కేకు కోసేటప్పుడు కూడా బాస్ ముఖం చూసి చప్పట్లు కొట్టే టీమ్‌లు బోలెడు.

మరి మనం 10,000 అడుగుల కిందికి వచ్చామని తెలిసేదెలా? కాక్‌పిట్‌లో మీటర్ ఉంది, మనకి లేదు. నేను ఒక్కటే చూస్తాను, ఇప్పుడు చేసేది రేపు వెనక్కి తీసుకోగలమా అని. ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న అసలు సిస్టమ్‌లో, డేటా డిలీట్ చేయడం, ఒకరికి ఉద్యోగం పోయిందని చెప్పడం, ఔటర్ మీద బండి నడపడం, ఇవేవీ వెనక్కి రావు. అక్కడ నోరు కట్టేసుకోవాలి. స్లైడ్‌లో రంగు నీలమా ఆకుపచ్చా అని గంటసేపు మీటింగ్ పెడితే మాత్రం నవ్వుకోండి, పాపం లేదు.

మన ట్రాఫిక్ పోలీసులకి ఇది బాగా తెలుసు. హెల్మెట్ పెట్టుకోమని సినిమా డైలాగులతో మీమ్స్ వేస్తారు, మనం నవ్వి షేర్ చేస్తాం. చలానా మెసేజ్‌లో ఒక్క జోకూ ఉండదు.

ఇంట్లో ఇంకా కష్టం. నాన్న తన స్కాన్ రిపోర్టు చేతిలో పట్టుకుని తానే జోకు వేస్తే నవ్వాలా వద్దా? నవ్వండి, వేసింది ఆయన కాబట్టి. మీరు మాత్రం ముందు మొదలుపెట్టకండి. డాక్టర్ గదిలోకి వెళ్లాక ఫోన్ జేబులో పెట్టేసి, ఏ మందు ఏ పూటో రాసుకోండి.