మంచం అదే, పౌరసత్వం వేరు

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు పెద్దాసుపత్రిలో ఒక కాన్పు అనుకుందాం. తల్లీ తండ్రీ ఇద్దరూ చదువు కోసం వచ్చిన విదేశీయులు. బిడ్డ 1987 జూన్ 30 రాత్రి పదకొండున్నరకు పుడితే భారత పౌరుడు. కాన్పు ఇంకో గంట ఆలస్యమైతే తేదీ జులై 1 అవుతుంది, ఇక పౌరుడు కాడు. మంచం అదే, నర్సూ ఆవిడే. మారింది చట్టం.

1955 పౌరసత్వ చట్టంలో మూడో సెక్షన్ సంగతి ఇది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ వరకు ఈ గడ్డ మీద పుడితే చాలు. విదేశీ రాయబారుల పిల్లల్లాంటి మినహాయింపులు కొద్ది. ఆ తర్వాత పుట్టినవాళ్లకు అమ్మానాన్నల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి.

బోల్తా పడేది ఇక్కడే. అక్రమ వలసదారంటే దొంగదారిన సరిహద్దు దాటినవాళ్లే అనుకుంటారు. వీసాతో దర్జాగా వచ్చి, గడువు తీరాక ఉండిపోయినా చట్టం లెక్కలో అంతే. తెనాలి కుర్రాడు విదేశీ అమ్మాయిని పెళ్లాడి, ఆమె వీసా పొడిగింపు సంగతి మరిచారనుకోండి. అప్పుడు పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాదు. తండ్రిది ఏడు తరాలుగా తెనాలే అయినా సరే. బిడ్డ పుట్టిన రోజున తల్లి స్థితి ఏమిటన్నదే చట్టం చూస్తుంది.

పుట్టిన నేల చాలా, అమ్మానాన్నల పౌరసత్వమూ చూడాలా అన్న వాదులాట పాతదే. విమానంలో పోతూ బొంబాయిలో కాసేపు ఆగిన ఒకావిడ ప్రసవిస్తే ఆ బిడ్డా మనవాడేనా అని 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ నిలదీశారు. అంతకు రెండేళ్ల ముందు పటేల్ మాత్రం నిర్వచనం విశాలంగా ఉండాలన్నారు. 1955 చట్టం పటేల్ వైపు మొగ్గింది. బంగ్లాదేశ్ నుంచి వలసల మీద సాగిన ఉద్యమాన్ని ముగించిన 1985 అస్సాం ఒప్పందం తర్వాత గాలి మళ్లింది. నన్నడిగితే, పాత పద్ధతికి ఒక సుఖం ఉంది: ఫలానా చోట పుట్టానని చూపడానికి ఒక్క కాగితం చాలు. అమ్మానాన్నల పౌరసత్వం చూపాలంటే తాతల నాటి ట్రంకు పెట్టె దించాలి.

అమెరికాలో 1868 నాటి పద్నాలుగో రాజ్యాంగ సవరణ పుట్టిన నేలనే చూస్తుంది. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల పిల్లలకు ఆ హక్కు లేదంది. హెచ్‌వన్‌బీ అనే ఉద్యోగ వీసా మీద వెళ్లినవాళ్లూ అందులోకే వస్తారు. బెజవాడ ఇళ్లలో ఫోన్లు మోగింది అందుకే. కింది కోర్టులు దాన్ని ఆపాయి.

అక్కడ పుట్టిన మనవడిని భారతీయుడిగానే ఉంచాలంటే, ఏడాదిలోగా అక్కడి భారత కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయించాలి. వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాక ఈ దారి మూసుకుపోతుంది, మిగిలేది విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు.

ఇక్కడ పుట్టిన పిల్లలకైతే 21 రోజుల్లో నమోదు ఉచితం. ఆ తర్వాత ఆలస్య రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి ఈ నమోదుతో వచ్చే జనన ధ్రువపత్రమే ఆధారం. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడు తల్లి పేరు దగ్గర ఆగి చూడండి: ఆమె ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉండి, ఫారంలో అత్తింటిది పడితే, డిశ్చార్జికి ముందే సరిచేయించండి.