ఒకే బల్ల, రెండు మెషీన్లు

సభకు నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేస్తూ మిత్రుడు "చేయి తిరిగిన పనివాడు" అన్నారు. చేయి తిరిగిన మాట నిజమే. ఎటు తిరిగిందో కాసేపట్లో చెప్తాను.

టేబుల్ సాకి, అంటే రంపం బ్లేడు పైకి పొడుచుకొచ్చే బల్లకి, రౌటర్ టేబుల్ ఎలా జతచేయాలో 20 నిమిషాల్లో చెప్పమన్నారు. రౌటర్ అంటే బిట్ అనే చిన్న పదునైన ముక్కని గిర్రున తిప్పి చెక్కని చెక్కే మెషీన్. ఎందుకు జతచేయాలన్నది మీకు తెలిసిందే. పనిచేసే చోట రెండు బల్లలకి జాగా ఉండదు. టేబుల్ సాకి ఎలాగూ నున్నటి బల్ల ఉంది, చెక్కని ఆనించి నడిపే తిన్నని ఫెన్స్ ఉంది. కుడివైపు రెక్క ఊడదీసి, ఆ చోట ఇంకో పలక బిగించి, దానికి రౌటర్‌ని తలకిందులుగా వేలాడదీస్తే పని అయిపోతుంది. అయిపోతుందనే అందరం అనుకుంటాం.

ముందు పలక సంగతి. 18 మి.మీ. ఎండీఎఫ్, అంటే చెక్కనారని నొక్కి చేసిన పలక, రెండు పొరలు జిగురుతో అతికించి, పైనా కిందా లామినేట్ వేయండి. పైన ఒక్కవైపే వేస్తే వాతావరణం మారినప్పుడల్లా పలక వంపు తిరుగుతుంది. రౌటర్ కోసం రంధ్రం కోసే ముందు, రంపాన్ని 45 డిగ్రీలకి వంచి, లోపల దాని మోటారు ఎక్కడిదాకా వస్తోందో చూసుకోండి. నేను చూడలేదు. అందుకే పలక రెండుసార్లు చేశాను.

ఇన్సర్ట్ ప్లేటుని, అంటే ఆ రంధ్రంలో కూర్చుని రౌటర్‌ని మోసే ప్లేటుని, మూలల్లోని చిన్న స్క్రూలతో బల్లకి సమంగా తేవాలి. చూడాల్సింది కంటితో కాదు, గోరుతో. గోరుని బల్ల మీంచి ప్లేటు మీదకీ, ప్లేటు మీంచి బల్ల మీదకీ జరపండి. అది ఎక్కడ తట్టిందో చెక్క కూడా అక్కడే తట్టుకుంటుంది. చెక్క ఒక్క క్షణం ఆగితే చాలు, బిట్ ఉన్నచోటే తిరిగి నల్లగా మాడ్చేస్తుంది. ఆ మచ్చ ఎంత రుద్దినా ఓ పట్టాన పోదు.

తర్వాత స్విచ్, దుమ్ము, స్పీడు అని కాగితం మీద రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను. నేను అసలు వచ్చింది ఫెన్స్ గురించి చెప్పడానికి.

రంపం మీద చెక్క ఎక్కడ నడుస్తుంది? బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య. ఏళ్ల తరబడి అలా చేసిన చేతికి అదే అలవాటు. ఒకరోజు నాకు 20 మి.మీ. వెడల్పు బద్ద కావాల్సి వచ్చింది. రంపం మీద కోస్తే అంచు గరుకుగా వచ్చింది, రౌటర్ బిట్‌తో నున్నగా తీద్దామనుకున్నాను. ఫెన్స్‌ని బిట్‌కి కుడివైపున, సరిగ్గా 20 మి.మీ. దూరంలో పెట్టాను. అచ్చం రంపానికి పెట్టినట్టే. బద్దని ఆ సందులోకి తోశాను.

తోశానంటే, తోయనేలేదు. నా చేతిలోంచి లాగేసుకుంది. అది ఎదురుగోడకి తగిలిన చప్పుడు మోటారు మోతని మించి వినబడింది. గోడ పెచ్చు ఊడింది. చేతికింద బద్ద లేదు, తోస్తున్న బలం మాత్రం మిగిలింది, చేయి అటే పోయింది. నా బొటనవేలు బిట్‌కి రెండంగుళాల ఇవతల ఆగింది. చేయి తిరిగిందన్నానే, అటు!

వెనక వరసలో నవ్వుతున్న పెద్దాయనా, మీ దగ్గరా ఇలాంటి బద్ద ఒకటుందా? ఉందట. విన్నారుగా.

తలకిందులుగా బిగించిన రౌటర్ బిట్, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. నా బద్దని తాకిన వైపున దాని పదును నేను తోసే దిక్కుకే పరిగెడుతోంది. 10 అంగుళాల రంపం నిమిషానికి సుమారు 4,000 చుట్లు తిరిగితే, చిన్న బిట్ 20,000 దాటుతుంది. ఇక పట్టుకోగలమా?

కాబట్టి బిట్ ఫెన్స్‌లో దాక్కోవాలి. ఫెన్స్‌కి ఒక కట్టె బిగించి, అందులో బిట్ పట్టేంత గూడు చెక్కండి. చెక్క దాని ఇవతల నడవాలి, ఎన్నడూ సందులో కాదు. ఇంకో తిరకాసుంది. రంపం ముందు నిలబడ్డ మనిషికి, కట్టెని ఫెన్స్ ఎడమ ముఖానికి బిగిస్తే చెక్కని అవతలకి తోయాలి. కుడి ముఖానికి బిగిస్తే చెక్క మనవైపుకి రావాలి. అప్పుడు ముందు నిలబడి లాక్కోకండి, బల్ల కుడి చివరికి వెళ్లి నిలబడి, కుడి నుంచి ఎడమకి తోయండి. నా కట్టెల మీద ఎర్ర మార్కర్‌తో బాణం గుర్తులు గీసుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, గీసుకోండి మాత్రం.

చీటీ వచ్చింది, అయిదు నిమిషాలే అట. గబగబా చెప్తాను. 3 అంగుళాల పెద్ద బిట్ వేస్తే స్పీడు 10,000 దగ్గరికి దించండి. బిట్ కాడని కోలెట్ (అంటే దాన్ని పట్టి బిగించే గొట్టం) అడుగుకి ఆనించకండి, రెండు మి.మీ. పైకి లాగి బిగించండి. లోతంతా ఒకేసారి తీయకండి, 3 మి.మీ. చొప్పున తీయండి. రౌటర్ వాడేటప్పుడు రంపం బ్లేడుని బల్ల కిందకి దించేయండి. స్విచ్ బల్ల ముందుభాగంలో మోకాలికి అందేలా ఉండాలి, కిందకి వంగి వెతుక్కునేలా కాదు. దుమ్ము సంగతి విరామంలో అడగండి.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి, బిట్ మార్చి చూపిస్తాను. ముందు ప్లగ్ పీకాను, చూశారుగా. ఈ ప్లేటుని నిన్న నేనే బిగించాను. ఒక మూల గోరుకి తట్టేలా కావాలనే వదిలాను. ఏ మూలో కనిపెట్టండి.