మానేయాలని తేల్చుకున్నారు సరే, ఈ మిగిలిన నెలలు ఎలా గడవాలి?

ఉద్యోగం మానేద్దామని తేల్చుకున్నారు. కానీ రేపే మానేయలేరు. చేతిలో కొంత డబ్బు కూడాలి, లేదా ఇంకో చోట ఖాయం కావాలి, లేదా ఇంట్లో ఎవరి చదువో వైద్యమో ఒక కొలిక్కి రావాలి. అంటే ఇంకో నాలుగు నెలలో ఆరు నెలలో అదే కుర్చీలో, అదే మనుషుల మధ్య కూర్చోవాలి. ఈ వీడియో అలాంటివాళ్ల కోసం. మానాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నవాళ్ల సంగతి వేరు, దాని గురించి ఇప్పుడు మాట్లాడను.

ఒకసారి తేల్చేసుకుంటే సగం బరువు దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. మొదట్లో కొన్నాళ్లు నిజంగానే దిగుతుంది. ఆ తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకంటే ఇన్నాళ్లూ "తప్పదు కదా" అని పడ్డ మాటలన్నీ ఇప్పుడు "ఎలాగూ వెళ్లిపోతున్నాను, ఇంకా ఎందుకు పడాలి" అనిపిస్తాయి. అదే మేనేజరు, అదే మీటింగు, రాత్రి పూట వచ్చే అదే మెసేజ్, కానీ ఇదివరకటి కంటే రెండింతలు గుచ్చుకుంటుంది. నాలో ఓపిక చచ్చిపోయింది, నేనే మారిపోయాను అని కంగారు పడకండి. ఆశ పెట్టుకున్న చోట మనిషి చాలా భరిస్తాడు. అక్కడ ఇప్పుడు మీకు ఆశ లేదు, అంతే.

ఇంకో మాట, ఇది ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల వర్గీకరణ 11వ కూర్పులో బర్నౌట్ గురించి వివరంగా ఉంది. దాన్ని జబ్బుల లెక్కలో వేయలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడి ఉండి, అది అదుపులోకి రానప్పుడు ఏర్పడే పరిస్థితి అన్నారు. మూడు లక్షణాలు చెప్పారు: ఒంట్లో సత్తువ అయిపోవడం, పని మీద విరక్తి, పని సరిగా చేయలేకపోతున్నామన్న భావన. మొదటి రెండూ అందరికీ తెలుస్తాయి. మూడోదే చాప కింద నీరులా వస్తుంది. నిక్షేపంగా పని చేసేవాళ్లు కూడా "నాకు ఏమీ రాదు, నన్నెవరు తీసుకుంటారు" అనుకుని, తమ స్థాయి కంటే తక్కువ ఉద్యోగాలకు అప్లై చేస్తారు, ఇంటర్వ్యూలో జీతం అడగడానికి జంకుతారు. దయచేసి ఈ ఉద్యోగంలో మీకు మీ మీద కలిగిన అభిప్రాయాన్ని పట్టుకుని తర్వాతి ఉద్యోగం ఎంచుకోకండి. ఇక్కడికి రాకముందు మీరు ఏమేం చేశారో, ఇక్కడ కూడా ఎవరూ మెచ్చుకోకపోయినా ఏమేం పూర్తి చేశారో కాగితం మీద పెట్టండి. ఇంటర్వ్యూకి ముందు అది చదవండి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది. చివరి రోజు వచ్చేదాకా పళ్ల బిగువున ఓర్చుకుని, ఆ రోజు ఒక్కసారిగా బయటపడదాం అనుకోవద్దు. ఆ ఉద్యోగం నుంచి బయటికి రావడం ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టాలి. రోజూ సాయంత్రం కొంచెం కొంచెంగా.

సబీన్ సొనెన్‌టాగ్ అని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీని మీదే పరిశోధన చేశారు. పని అయిపోయాక ఇంటికి వెళ్లడం ఒక్కటే చాలదు, మనసు కూడా పని నుంచి ఊడి రావాలి, అప్పుడే మనిషి కోలుకుంటాడు అంటారు ఆవిడ. బాధ ఎక్కడుందంటే, ఒత్తిడి ఎక్కువున్నవాళ్లకే ఈ విశ్రాంతి ఎక్కువ కావాలి, సరిగ్గా వాళ్లకే అది దొరకడం కష్టం. ఆవిడే దీన్ని కోలుకోవడంలోని వైరుధ్యం అని రాశారు. మీరు సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తూనే, లోపల రేపు బాస్‌కి ఏం జవాబు చెప్పాలో మాటలు పేర్చుకుంటూ ఉంటారు చూడండి, అది విశ్రాంతి కాదు, జీతం లేని డ్యూటీ.

"ఆలోచించకు" అని మనసుకి చెబితే వినదు. వినే పని ఒకటుంది. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక ప్రయోగం ప్రచురించారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరితో రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాయించారు, ఇంకొందరితో అప్పటికే చేసేసిన పనులు రాయించారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు, అదీ ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. దీన్ని నేనైతే పడక దాకా రానివ్వను. కుర్చీలోంచి లేచే ముందే రాసేయమంటాను. రేపు ముందు ఏ ఫైల్ తీయాలి, ఎవరికి ఏం చెప్పాలి, ఏది ఆగినా ఫర్వాలేదు, అన్నీ రాసి ఆ కాగితం అక్కడే పెట్టి రండి.

తర్వాత, మీ పనిలో ఏది మీ డ్యూటీ, ఏది మీరు మొహమాటానికి నెత్తినేసుకున్నది, రెండూ విడదీయండి. కష్టమైన ఉద్యోగాల్లో ఇరుక్కున్నవాళ్లు చాలావరకు పక్కవాళ్ల పని కూడా మోసేవాళ్లే, నేను చూసినంతలో. డ్యూటీ శుభ్రంగా చేయండి, దాంట్లో ఒళ్లు దాచుకోవద్దు, ఎందుకంటే మీరు వదిలేసింది మేనేజర్ మీద పడదు, మీలాగే నలిగిపోతున్న పక్క కుర్చీ మనిషి మీద పడుతుంది. కానీ ఎవరూ అడగకముందే చెయ్యెత్తడం, సెలవు రోజున మెసేజ్‌లకి జవాబివ్వడం, ఇతరుల తప్పులు రాత్రి కూర్చుని దిద్దడం, ఇవి ఒక్కొక్కటీ తగ్గించండి. అన్నీ ఒకేసారి ఆపితే అందరి కళ్లూ మీ మీదే పడతాయి, అనవసరపు టెన్షన్.

ఒక తేదీ పెట్టుకోండి. "త్వరలో" అంటే కుదరదు, అది ఎప్పటికీ రాదు. అనుకున్నంత డబ్బు ముందే కూడితే తేదీ ముందుకి జరపండి, వెనక్కి మాత్రం ఒక్కసారికి మించి జరపొద్దు. ఆ తేదీ ఆఫీసులో ఎవరికీ చెప్పకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఆ రహస్యం మోసే బరువు వాళ్లకెందుకు? నోటీస్ పీరియడ్ ఎంతో, మిగిలిన సెలవులు ఏమవుతాయో నియామక పత్రంలో ఇప్పుడే చదివి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు అడుగుతారు, ఎందుకు మానేస్తున్నారని. మీరు చెబితే అక్కడ మిగిలినవాళ్లకి మేలు జరుగుతుందనుకుంటే ఒకటో రెండో విషయాలు నెమ్మదిగా చెప్పండి, మిగతాది మీ స్నేహితుల దగ్గర కక్కేయండి.

ఇదంతా ఓర్చుకోగలిగిన కష్టం గురించి. ఆఫీసులో వేధింపులు ఉన్నా, నిద్ర పూర్తిగా పోయినా, పొద్దున్నే గుండె దడతో లేస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, తేదీ సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌ని కలవండి, ఇంట్లో వాళ్లకి చెప్పండి. సెలవు పెట్టండి. డబ్బు కొంచెం తక్కువైనా అప్పుడు ముందే బయటపడడం మంచిది.

కొత్త ఉద్యోగం దొరికినవాళ్లు చేరే తేదీ మాట్లాడుకునేటప్పుడే మధ్యలో రెండు వారాలైనా ఖాళీ ఉండేలా అడగండి. ఆఫర్ లెటర్ చేతికి వచ్చే ముందే అడగాలి. సంతకం పెట్టాక అడిగితే చాలాచోట్ల ఒప్పుకోరు.